పలక మీద మీ తాత ముఖం

రాసుకోవే తల్లీ. మీ కాలేజీ వార్షికోత్సవం సంగతి నీకూ తెలుసు. కానీ నువ్వు బయట కోలాటం ఆడుతున్నప్పుడు బొమ్మల గదిలో ఉన్నది నేను. అందుకే నేను చెప్పినట్టే రాయి, నీ తెలివి కలపొద్దు.

మార్కాపురంలో మా వీధిలో పలకల షెడ్డు ముఖం చూడని ముసలివాళ్లు తక్కువ. మీ తాత అక్కడ రాయి కోసేవాడు. ఆ దుమ్ము ఛాతీలో చేరి, దగ్గి దగ్గి పోయాడు. అప్పటికి మీ నాన్న ఇంకా పాకుతున్నాడు. తండ్రి ముఖం గుర్తుండే వయసు కాదు. ఉన్న ఒక్క ఫోటో పాత రేషన్ కార్డు మీదది. ఆఫీసు ముద్ర సరిగ్గా ముక్కు మీదే పడి, మనిషి తెలియడు. నేను కూడా వాడి ముందు ఆయన మాట ఎక్కువ ఎత్తలేదు. ఎత్తితే ఏడుపొచ్చేది, ఏడుస్తూ కూర్చుంటే ఇల్లు గడిచేది కాదు.

మీ లెక్చరర్ మన ఊరికి సంబంధించిన బొమ్మ ఏదైనా వేయమన్నారట. నువ్వు వచ్చి, "అవ్వా, పెద్ద పలక మీద తాతను వేస్తా, ఎట్లుండెనో చెప్పు" అన్నావు. ఆ రోజు పొయ్యి మీద పనుందని లేచి వెళ్లిపోయాను. తర్వాత చెప్పాను. నుదురు వెడల్పు. కింది పెదవి కాస్త లావు. నవ్వితే ఎడమ బుగ్గ ముందు లేచేది. నువ్వు బలపంతో గీసేదానివి, వేలితో రుద్దేదానివి. నేను కాదనేదాన్ని, మళ్లీ చెరిపేదానివి. చివరికి ఒక సాయంత్రం పలకను గోడకు ఆనించి చూపించావు. నేను గబుక్కున లేచి పైట సర్దుకున్నాను. అంత బాగా కుదిరింది.

మీ నాన్న కురిచేడులోనే ఉండి కందుల వ్యాపారి దగ్గర కాటా వేస్తాడు కదా. బొమ్మను ఫోన్లో పంపిస్తానన్నావు. "వద్దు పాపా. ఆ ఇంత అద్దంలో ఏం చూస్తా. రైలెక్కి వచ్చి ఎదురుగా నిలబడి చూస్తా" అన్నాడు. వాడి గొంతు అట్లా ఉండగా నేనెప్పుడూ వినలేదు. వాడు వద్దన్నాడని నువ్వు ఫోటో తీయనేలేదు.

వార్షికోత్సవం రోజు మా వదినను కూడా కాలేజీకి తీసుకెళ్లాం. వదిన అంటే మీ తాతకు అక్క. షెడ్డులో నా పక్కనే కూర్చుని పని చేసిన మనిషి. చట్రం బిగించిన పలక చేతికి రాగానే తుడిచి పక్కన పేర్చడం మా ఇద్దరి పని. పెళ్లిళ్లు, కాన్పులు, చావులు అన్నీ ఆ పని మధ్యలోనే. ఇప్పుడామెకు కళ్లలో పొరలు. ఎవరో వచ్చారని తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు. బొమ్మ సంగతి ఆమెకు చెప్పలేదు. నాన్న వచ్చాక ఇద్దరికీ కలిపి చూపిద్దామన్నావు.

గదిలో బల్లల నిండా బొమ్మలు. మన పలక కొస బల్ల మీద ఉంది. బయట పాట మొదలు కాగానే కాపలా ఉండాల్సిన పిల్ల చూడటానికి పరుగెత్తింది. వదినను ఆ బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టి నేను కిటికీ దగ్గరకు వెళ్లాను. నువ్వు ముందు వరుసలో ఉన్నావు. కర్రకు కర్ర తప్పకుండా ఆడావు. పాట అయిపోయి వెనక్కి తిరిగితే, వదిన ఒళ్లో పలక ఉంది.

"ఏమ్మే, ఈ కాలేజీ పిల్లోల్లకు పలక తుడిచేది గూడ రాదా ఏంది? చెయ్యి పెడితే అంతా బలపమే. మన మేస్త్రి అయితే మొగాన కొట్టేటోడు" అంది. "కొంగుతో బాగ తుడిచినా. సూడు, అద్దం మాదిరి లేదా?"

ఉంది. నల్లగా, అద్దంలాగే ఉంది. నీ తమ్ముడి ముఖం తుడిచేశావని ఆమెకు ఎట్లా చెప్పను.

నువ్వు గజ్జెలతోనే వచ్చావు. పలక చూశావు, ఆమె కొంగు చూశావు. "బాగ తుడిచినావు పెద్దవ్వా" అన్నావు. తర్వాత గడప బయట నీ స్నేహితురాళ్ల ఫోన్లన్నీ వెతికారు. ఒక దాంట్లో ఎవరిదో తల వెనక పలక పడింది. దాని మీద ట్యూబులైటు వెలుతురు తప్ప ఏమీ లేదు.

అంతలో మీ నాన్న వచ్చాడు. చొక్కా మీద కందుల దుమ్ము అట్లాగే ఉంది. "రైలు లేటమ్మా. ఏదీ, యాడుంది?" అన్నాడు. నేను పలక వైపు చూపించి, వదిన కొంగు వైపు చూశాను. వాడికి ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది.

నువ్వు కింద కూర్చుని పలక ఒళ్లోకి తీసుకున్నావు. మళ్లీ నుదుటి నుంచి మొదలుపెట్టావు. బలపం గీసుకుంటున్న చప్పుడు వదినకు వినిపించింది.

"ఎవురిది బొమ్మ?"

"నాయనది అత్తా" అన్నాడు మీ నాన్న. "మల్లా వేస్తాంది."

మల్లా అన్న మాట దగ్గర ఆమె ఆగింది. కొంగు పట్టుకుని కళ్ల దగ్గరకు తెచ్చుకుంది, తెల్లగా ఉంది. దులపలేదు. పిడికిట్లో ముడుచుకుంది. "చెవులు పెద్దవి పెట్టు పిల్లా. వానివి మా నాయన చెవులు" అంది.

"అంత పెద్దవి కాదులే వదినా" అన్నాను.

"నీకేం తెలుసు. నువ్వొచ్చేతలికి వానికి జుట్టు పెరిగి కప్పుకున్నాయి. చిన్నప్పుడు చేటచెవులోడా అని పిలిస్తే రాయి తీసుకొని ఎంటబడతాండె."

మీ నాన్న నవ్వలేదు. చెయ్యి పైకెత్తి తన చెవి తడుముకున్నాడు.

నుదురూ చెవులూ పెదవీ అయ్యేసరికి గది తాళం వేయాలని అటెండరు వచ్చాడు. ఆటోలో పలకకు ఏదీ తగలకుండా మీ నాన్న రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు.

కళ్లు ఇంకా వేయలేదు నువ్వు. నేనొకటి చెబుతాను, వదిన ఇంకొకటి చెబుతుంది. నిన్న చెప్పిందే ఈ రోజు మారుస్తున్నానంటావు, నిజమే. కానీ మీ నాన్న ఇప్పుడు ప్రతి ఆదివారం వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంటున్నాడు. నువ్వు బలపం తీస్తే, "ఉండు పాపా, తొందరేముంది, చెప్పనీ" అంటున్నాడు.