గూడ్సు బండి కదిలేదాకా

ఇవాళ వీధి చివర ఎవరో జొన్నరొట్టెలు కాలుస్తున్నారు. ఆ వాసనకు వికారాబాద్‌లోని మా వంటింటి పొయ్యి గుర్తొచ్చింది.

అప్పుడు నేను చిన్నపిల్లను. సాయంత్రం నీళ్ల కోసం ఆగే గూడ్సు బండి ఎక్కి, మా అన్న దోస్తులతో కలిసి బొగ్గు కిందికి విసిరేస్తున్నాడని ఎవరో వచ్చి చెప్పారు. నాయిన బరిగె అందుకున్నాడు.

"కొడ్తే రేపు ఇంటికే రాడు. జర ఊకో" అంది అమ్మ.

మర్నాడు అన్నతో, "నీ దోస్తులను గూడ పిల్సుకరా, రొట్టెలు తిని పోదురు" అంది. రహీం, ఇంకో ఇద్దరు వచ్చి పొయ్యి ముందు కూర్చున్నారు. అప్పట్నుంచి రోజూ అదే వరస. నాకు ఒళ్లు మండింది. దొంగతనం చేసినవాళ్లకు ఈ మర్యాదలేమిటి? పైగా అమ్మ ఒక్కో రొట్టెనూ ఎంతసేపో తట్టేది. కలిపిన పిండినే మళ్లీ పిసికేది.

"మీ అమ్మకు జరం తగ్గిందా, రహీం?" అని తీరిగ్గా అడిగేది.

"జల్ది చెయ్యే అమ్మా, ఆకలైతుంది" అన్నాను ఏడుపు గొంతుతో.

"జర ఓర్సుకో బిడ్డా."

పాపం, చేతులు నొప్పులేమో అనుకున్నాను. కానీ స్టేషన్ వైపు నుంచి కూత వినబడి గూడ్సు కదలగానే ఆ చేతులే చకచకా ఆడేవి. రొట్టెలు వేడివేడిగా అందరి పళ్లేల్లో పడేవి.

ఆ కూతకూ ఆ చేతులకూ ఉన్న సంబంధం, నా కొడుకు పొద్దుగూకినా ఇల్లు చేరని రోజుల్లో గానీ నాకు తెలియలేదు. వాడి దోస్తులను భోజనానికి పిలిచి, పిండి మెల్లగా కలపడం మొదలుపెట్టాను.