జైనాబీ చేపలకు ముహూర్తం

జానకిరామయ్య గారు ముహూర్తం పెట్టనిదే ప్రత్తిపాడులో ఎవరూ ద్వారబంధం నిలబెట్టరు. బోరు వేయించే రైతు కూడా ఆయన్ని అడిగాకే రిగ్గు బండిని చేలోకి రానిస్తాడు. నలభై ఏళ్ళ పౌరోహిత్యంలో ‘పొరపాటైంది’ అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. అనిపించే ధైర్యం కూడా ఎవరికీ లేదనుకోండి.

ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం ముందుగదిలోని నాలుగడుగుల అక్వేరియం. అందులో ఆరేళ్ళుగా మూడు ఏంజెల్ చేపలున్నాయి. వాటిలో నల్లచారల పెద్దది మూలనున్న రాయి దగ్గరికి మిగతా రెంటినీ రానివ్వదు. దాని పొగరు చూసి ఆయన మురిసిపోయేవారు.

రెండిళ్ళ అవతల అద్దెకుండే జైనాబీ ల్యాబ్ టెక్నీషియన్. ఆ అమ్మాయికి మంగళగిరిలో ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో తొట్టి పెట్టనివ్వరు. అందుకని గురువారం పొద్దున తన రెండు తెల్ల ఏంజెల్ చేపల్ని నీళ్ళ కవర్లో వేసి పట్టుకొచ్చింది. వాళ్ళమ్మ మదార్‌బీ పోయే ముందు ఏడాది కొని, సాకిన చేపలవి.

“ఇల్లు దొరగ్గానే తీసుకుపోతానండి పంతులుగారూ. పాత చేపలు కొత్తవాటి మీద పడతాయి. ముందు వాటికి కడుపునిండా మేత వెయ్యండి. రాళ్ళన్నీ అటూ ఇటూ మార్చేస్తే ఏది ఎవరి చోటో వాటికి తెలీదు. కవరు అరగంట నీళ్ళలో తేలనిచ్చి, లైటు ఆపి వదలండి” అని చెప్పి బస్సుకి పరిగెత్తింది.

“అలాగేనమ్మా” అన్నారాయన. గడియారం చూస్తే పదకొండు కావస్తోంది. పదకొండూ పదికి దివ్యమైన ముహూర్తం! రాళ్ళు సర్దుతూ కూర్చుంటే అది దాటిపోదూ? అయినా గృహప్రవేశం ఎవరైనా చీకట్లో చేయిస్తారా? లైటు వేసి, మంత్రం చదివి, సరిగ్గా పదకొండూ పదికి కవరు విప్పి పోసేశారు మహానుభావుడు.

రెండు నిమిషాలు పట్టలేదు. నల్లచారలది మూలలోంచి దూసుకొచ్చి తెల్లవాటిలో చిన్నదాని పక్కలో పొడిచింది. మళ్ళీ పొడిచింది. ఆయన గాజు మీద తట్టారు, గదమాయించారు. అది వింటేగా! కాసేపటికి సర్దుకుంటాయిలే అని వీధిలోకి వెళ్ళారు. కళ్ళాల్లో ఆరబోసిన మిర్చి ఘాటుకి తుమ్ముకుంటూ లోపలికొచ్చారు. కూర్చున్నారు, లేచారు. భోజనానికి పిలిస్తే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నారు. కాలుగాలిన పిల్లిలా తొట్టికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు.

ఒంటిగంటన్నర దాటేసరికి చిన్నది ఫిల్టరు వెనక నక్కి, ఒరిగిపోయి ఉంది. తోక పీలికలైంది. ఆ పిల్ల నమ్మి చేతిలో పెట్టి వెళ్ళిందే! రాళ్ళు మార్చాలని లేచి, గడియారం చూసి మళ్ళీ కూర్చున్నారు. రాహుకాలం మొదలైంది, మూడింటిదాకా ఉంటుంది.

భార్య రాజరాజేశ్వరి వచ్చి తొట్టిలోకి చూసింది. “మూడింటిదాకా అది బతికుంటుందా అండీ?” అంది.

ఆయన ఉత్తరీయం తీసి కుర్చీలో పడేశారు. లైటు ఆపారు. ముద్దుల నల్లచారలదాన్ని వలతో పట్టి, తొట్టినీళ్ళు పోసిన ప్లాస్టిక్ బకెట్లో వేశారు. మోచేతులదాకా నీళ్ళలో పెట్టి ఒక్కో రాయీ పెకలించి చోటు మార్చారు. మేత వేశారు. సాయంత్రానికి పెద్దదాన్ని మళ్ళీ వదిలితే, అది తన మూల ఎక్కడో తెలియక తొట్టంతా వెతుక్కుంటూ తిరిగింది. ఎవరి జోలికీ పోలేదు.

అప్పుడు ఫోన్ తీశారు.

“అమ్మా జైనాబీ, నువ్వు చెప్పింది ఒక్కటీ చెయ్యలేదు. ముహూర్తం దాటిపోతుందని లైటు వేసి, గబుక్కున పోసేశాను. మా పెద్దది వాటిమీద పడింది. పొరపాటు నాదే.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“రెండూ ఉన్నాయా అండీ?”

“ఉన్నాయి. ఒకటి మేత తింది. చిన్నదాని తోక చిరిగింది. ఇంకా ఏమీ తినలేదు.”

“అమ్మ చేతిలోంచి తినేది అదేనండీ” అంది జైనాబీ.

జానకిరామయ్య గారు స్టూలు తొట్టి ముందుకు లాక్కున్నారు.

“నేను ఇక్కడే కూర్చున్నానమ్మా. అది తింటే ఫోన్ చేస్తాను. తినకపోయినా చేస్తాను.”