దాలమ్మ వడ్డన

దాలమ్మ అన్నం వడ్డించిందంటే అడుగున పళ్ళెం ఉందో లేదో తెలిసేది కాదు. ఖరగ్‌పూర్‌లో ఇంజనీరింగు చదివే పిల్లల హాస్టలు ఒకటుంది. దాని మెస్సులో కుడి వైపు హాల్లో వడ్డన నూకయ్యది, ఎడమ వైపు హాల్లో ఆమెది. ఎనభయ్యో దశకమంతా ఆ కౌంటరు వెనక నిలబడి, బెంగాలీ పిల్లలనీ బీహారీ పిల్లలనీ మన పిల్లలనీ తేడా లేకుండా గరిటె మీద గరిటె వేసింది. అందరూ ఆమెను మాసీ, అంటే పిన్ని, అనేవారు. మాసీ హాల్లో తింటే సాయంత్రం దాకా ఆకలి మాటే ఉండదని కొత్తవాళ్ళకు పాతవాళ్ళు చెప్పేవారు. అది చెవిన పడినప్పుడల్లా ఆమె ఒళ్ళు పొంగిపోయేది.

ఆ చెయ్యి ఊరికే అంత పెద్దది కాలేదు. చీపురుపల్లి దగ్గర పిన్ని ఇంట్లో పెరిగిన పిల్ల ఆమె. పిన్ని పిల్లలు తిని లేచాక కుండ అడుగున గీకిందే ఆమె వంతు. ఇంకొంచెం పెట్టమనడానికి నోరు వచ్చేది కాదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే తవిటయ్యను కట్టుకుని అక్కడి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్‌లో అడుగు పెట్టిన రోజే, తన చేతి కింద ఎవరూ ఆకలితో లేవకూడదని ఒట్టు పెట్టుకుంది. పైగా వాళ్ళ వైపు ఒక పట్టింపు ఉంది. ఒక్క గరిటెతో వడ్డన ఆపకూడదు, అది చచ్చిపోయినవాళ్ళకు పెట్టే తీరు. బతికున్న మనిషికి మారు వడ్డించి తీరాలి. మెస్సులో అంత వరస నిలబడి ఉండగా మారు కోసం మళ్ళీ ఎవడొస్తాడు? అందుకని ఆ మారు కూడా దాలమ్మ అప్పుడే వేసేసేది. చాలన్నవాడికి ఇంకొకటి వేసేది. చాలనడం మర్యాదకేనని ఆమెకు గట్టి నమ్మకం.

మిగిలింది ఏమయ్యేదో ఆమె పట్టించుకోలేదు. ఊరి చివర గేదెల కొట్టాల నుంచి పాలవాడు రిక్షా బండి మీద వచ్చి ఎంగిలి డ్రమ్ములు పట్టుకుపోయేవాడు. గేదె కడుపులో పడిన మెతుకు వృథా ఎలా అవుతుందని ఆమె వాదన, కాదనడానికి ఎవరికీ తోచేది కాదు. తొంభై దాటిన కొత్తలో ఆ కొట్టాలు ఎత్తేశారు. పాలవాడు రావడం మానేశాడు. డ్రమ్ములు హాస్టలు వెనక గుంటలో కుమ్మరించడం మొదలైంది. వానలు పట్టుకునేసరికి కంపు పిల్లల గదుల్లోకి కొట్టింది.

అప్పుడు మెస్సు సెక్రటరీగా ఎన్నికైన విద్యార్థి ఒక ఏర్పాటు చేశాడు. ఎంగిలి డ్రమ్ములు ఇక వెనక వైపు కాదు, ఒక్కో హాలు గుమ్మంలో ఒక్కోటి ఉండాలి. తిన్న ప్రతివాడూ తను పారేసింది చూసుకుని మరీ పోవాలి. వడ్డించేవాళ్ళు మొదట ఒక్క గరిటే వెయ్యాలి, కావలసినవాడు మళ్ళీ వస్తాడు.

మొదటి పూట నూకయ్య డ్రమ్ములో ఎంగిలి అడుగునే ఉంది. దాలమ్మ డ్రమ్ము అంచు దాటి నేల మీదికి జారింది. పిల్లలు వంగి చూసి నవ్వుకుంటూ పోయారు. ఆ నవ్వు దాలమ్మకు చురుక్కుమంది. మెస్సు మేనేజరు జగ్గారావు ఆమెను పక్కకి పిలిచాడు.

"అప్పా, సెయ్యి తగ్గించాల. ఈ వారం సూస్తారంట. తగ్గకపోతే నిన్ను కూరలు తరగడానికేసి ఇక్కడ ఇంకోల్ని నిలబెడతారు."

"ఒక్క గరిటేటి జగ్గూ? ఆ పిల్లలేటి, సచ్చిపోయినోలా?"

"నాకు తెల్దా ఆ పట్టింపు? ఎనక గుంట కాడికి ఎల్లి సూసినావా ఎప్పుడైనా?"

చూడలేదు. ఆ పూట వెళ్ళి చూసింది. వాననీళ్ళలో నాని ఉబ్బిన అన్నం గుంట నిండా తెల్లగా ఉంది. చాలా ముద్దల మీద వేలు కూడా పడలేదు, గరిటె అచ్చు అలాగే ఉంది. గీకిన అన్నం తిని పెరిగిన మనిషి, ఆ అచ్చులు తన గరిటెవేనని గుర్తుపట్టింది.

అయినా మర్నాడు చెయ్యి మాట వినలేదు. ఒక గరిటె వేశాక పళ్ళెంలో కనబడే ఖాళీని ఆమె ఓర్చుకోలేకపోయింది, రెండోది దానంతటదే పడిపోయింది. డ్రమ్ము మళ్ళీ నిండింది. కౌంటరు పోతుందని దాలమ్మకు నిజంగా భయం వేసింది. కూరలు తరిగితే జీతం తగ్గదు. కానీ మాసీ అని పిలిచే గొంతులు అక్కడిదాకా రావు, అవి లేకపోతే తను బతకలేదనిపించింది.

ఆదివారం ఆమెకు సెలవు. ఇంట్లో తవిటయ్య మీద చెయ్యి సాధన చేద్దామనుకుంది. ఒక్క గరిటె వేసి, కుండ పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"ఏటే, బియ్యం అయిపోనాయా?" అన్నాడు తవిటయ్య.

"నేదు మావా, నేర్సుకుంటన్నాను. ఇంకా ఎయ్యనా?"

"ఓ అరగరిటె ఎయ్యి." అది తిని చెయ్యి అడ్డం పెట్టాడు. "సాలు."

దాలమ్మ నమ్మలేదు. రోజూ పళ్ళెం నిండా తినే మనిషి. జ్వరమేమోనని నుదురు తాకి చూసింది.

"ఏటీ నేదే, బాగానే ఉన్నాను. నాకెప్పుడూ ఇంతే సాలు."

"మరి ఇన్నేళ్ళూ అంతా తిన్నావు కదా?"

"ఇడిసిపెడితే నీ మొకం సూడ్డానికి ఉండదు. పెళ్ళైన కొత్తలో ఓపాలి ఇడిసిపెట్టినాను, తెల్లారిందాకా ఏడిసినావు."

"నాతో సెప్పొచ్చు కదా మావా."

"సెప్పినాను. సాలన్నప్పుడల్లా ఇంకోటి ఏసినావు."

అతను మామూలుగానే అన్నాడు, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. తిట్టినా దాలమ్మ అంత బాధ పడేది కాదు. పెట్టడమే ప్రేమనుకుంది, ఎదుటి మనిషి చాలంటే అది మాటే కాదనుకుంది. మర్యాద కోసం చాలన్నాడనుకుంటే, పాపం ఆ మనిషి మర్యాద కోసం తిన్నాడు.

సోమవారం కౌంటరు దగ్గర ఆమె పళ్ళేల వంక కాకుండా ముఖాల వంక చూసింది. ఒక గరిటె వేసింది. "ఆర్ దేబో?" అని తనకొచ్చిన బెంగాలీలో, ఇంకా వెయ్యనా అని అడిగింది. ఆ కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. గాలిలో ఉన్న గరిటె మళ్ళీ పాత్రలోకి దిగింది. వెనకవాడు రెండు వెయ్యమన్నాడు, రెండూ వేసింది. కొంతమంది మారు కోసం నవ్వుతూ తిరిగి వచ్చారు, పరుగెత్తి వడ్డించినంత పని చేసింది. మధ్యాహ్నం జగ్గారావు డ్రమ్ములోకి వంగి, అడుగునే ఉన్న ఎంగిలి చూసి, ఆమెకు తల ఊపి పోయాడు. కూరలు తరిగే సంగతి తరవాత ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి దాలమ్మ బియ్యం తగ్గించి పోసింది. పొయ్యి అంటించి, గుమ్మంలో కూర్చున్న మొగుడి వైపు తిరిగింది.

"మావా, కూరేటి వొండమంటావు?"

అంత కాపురంలో ఆ ప్రశ్న తవిటయ్యకు ఎప్పుడూ ఎదురు కాలేదు. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఏదైనా వొండే. వొంకాయి మాత్రం వొద్దు. అది నాకెప్పుడూ పడనేదు."