మోరి బిరడా

రెండు రోజులైనా నా చేతులకు కిరోసిన్, తుప్పు కలిసిన వాసన పోలేదు. హుస్సేనీ ఆలంలోని మా ఇంట్లో చిన్నప్పుడు ఆ వాసన ఏడాదికి ఒక్కసారే వచ్చేది, మృగశిర కార్తె మొదలయ్యే మిరుగం నాడు. ఆ రోజు అందరి ఇళ్లలోనూ చేపలే కాబట్టి, పొలుసు పోయి మోరికి అడ్డం పడకముందే, పొద్దున్నే బాపు వాకిట్లో మురుగు పోయే మోరి పైపుకున్న ఇనుప బిరడా విప్పి, ఏడాది మడ్డంతా తీసేవాడు. ఆయన ప్రభుత్వ వర్క్‌షాపులో ఫిట్టరు.

వంటింట్లో అమ్మ చింతపండు పిసుకుతుండేది, ఉక్కకు గోడలు చెమర్చేవి, చేపలమ్మే మనిషి కేక గల్లీ చివరికి పోయి ఆగిపోయేది. అప్పుడు బాపు, అక్క బిరడా మీదకు వంగి కూర్చునేవాళ్లు. బిరడా విప్పే పొడుగాటి పానా మీద అక్క చేతులు, వాటి మీద బాపు చేతులు. ఆమె చెవి దగ్గర ఆయన ఏదో చెప్పేవాడు. నేనున్న గడప దాకా అది వినిపించేది కాదు. నాకు ఉబ్బసం. మోరి గాలి తగలకూడదని నన్ను అక్కడే కూర్చోబెట్టి ఒళ్లో పుస్తకం పెట్టేవాళ్లు. చదవకుండానే పేజీలు తిప్పేదాన్ని. ఒకసారి పానా జారి అక్క వేలు చితికితే, బాపు ఆ వేలికి పసుపు అద్ది కట్టు కట్టడం చూసి, నా వేలు ఎందుకు చితకలేదని ఏడ్చాను. అక్క కోసం ఏడుస్తున్నాననుకుని అమ్మ నన్ను మెచ్చుకుంది.

బాపు పోయి ఏడాది దాటింది. అంతకుముందు కొన్నేళ్లుగా ఆయన వంగలేకపోయాడు, బిరడా జోలికి ఎవరూ పోలేదు. మొన్న మొదటి వానకే మోరి నీళ్లు వాకిట్లోకి ఎదురు తన్నాయి. ప్లంబర్ చూసి, “నై నికల్తా అమ్మా, ఇది ఊడి రాదు, పైపు కోసెయ్యాలె” అన్నాడు. వద్దన్నాను. కిషన్‌బాగ్‌లో ఉండే అక్కకు ఫోన్ చేయాల్సింది, చేయలేదు. ఆ ఒక్క పని నా చేత్తో కావాలనుకున్నాను. అటక మీది పానా దించి, కిరోసిన్ పోసి, గడప మీంచి చూసినట్టే ఎడమకు లాగాను. సాయంత్రం దాకా లాగాను. బిరడా కదల్లేదు, పానా పట్టే దాని నలుపలకల తల మాత్రం అంచులు అరిగి గుండ్రమైంది. మర్నాడు ఫోన్ చేశాను.

అక్క వచ్చి చూసి నవ్వింది. “ఏందే గిది? బర్రెను గుంజినట్టు గుంజినవా?”

మళ్లీ కిరోసిన్ పోసి, అది నానేదాకా తీరిగ్గా చాయ్ తాగి, సుత్తితో బిరడా చుట్టూ మెల్లగా కొట్టింది. తర్వాత పానాను కుడికి తిప్పింది.

“అటు కాదక్కా, ఇంకా బిగుసుకుంటది!”

“ముందు జరంత బిగించాలె. తుప్పు ఇరిగినంక ఇప్పాలె. ఎన్నిసార్లు చెప్పిండు బాపు!”

“నీకు చెప్పిండు.”

అక్క తల ఎత్తలేదు. “మస్తు చెప్పిండు! పండుగ పూట గచ్చకాయలు ఆడుకోనియ్యకపాయె. నీకేంది, మహారాణి లెక్క గడప మీద కూసునేదానివి.”

ఆ ఫిర్యాదు కూడా నాకు కావాలనిపించింది. బాపు మీద చెప్పుకోవడానికి నా దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు.

కిర్రుమంటూ బిరడా కుడికి వెంట్రుకవాసి కదిలింది. ఆ తర్వాత ఎడమకు తిరిగి, ఊడి వచ్చింది. లోపలి మడ్డ తీయగానే వాకిట్లో నీళ్లు గుడగుడమని దిగిపోయాయి. అక్క బిరడాను వెలుతురులో పట్టుకుని చూసి, మరలన్నీ పోయాయి, ఇక బిగుసుకోదంది. గల్లీ చివర దుకాణం నుంచి రబ్బరు మూత తెచ్చి పెట్టింది.

“దీనికి పానాతోని పని లేదు. చేత్తోనే తీస్కో, చేత్తోనే పెట్టుకో. ఇగ ఫికర్ లేదు.”

ఇప్పుడు మా గల్లీలో చేపలు దుకాణంలోనే కోయించి, కడిగించి తెచ్చుకుంటారు. పొలుసు మోరీల దాకా రాదు. అక్క వెళ్లాక ఆ మూతను రెండుసార్లు తీసి పెట్టాను. ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. బాపు చెప్పిన మాట ఇన్నేళ్లకు నాకూ తెలిసింది కానీ, దాన్ని వాడి చూసుకోవడానికి ఇంట్లో బిరడా లేదు.