బ్రేకుకు పోసిన మంచినూనె

మొన్న మేనకోడలి కారులో చిక్కబళ్ళాపురం పక్కన నందికొండ దిగుతుంటే, ఎవరి బండి నుంచో గాని, మాడిన రబ్బరూ కాలిన గోనెపట్టా కలిసినట్టు ఒక వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఆపవే, ఆపు అని పిల్ల భుజం పట్టుకున్నాను. మన కారు కాదత్తా అని అది నవ్వుతున్నా వినకుండా దిగి, నాలుగు చక్రాల దగ్గరా వంగి వాసన చూసిగాని మళ్ళీ ఎక్కలేదు. డెబ్బై అయిదేళ్ళ ముసలిది రోడ్డు మీద చక్రాలు వాసన చూస్తుంటే జనం ఏమనుకున్నారో నాకు తెలియదు. బ్రేకు మాడిన వాసన తగిలితే నా ఒళ్ళు నా స్వాధీనంలో ఉండదు. పదో ఏట పట్టుకున్న భయం అది.

మా ఊరు బాగేపల్లికి దగ్గర. చెనక్కాయలు పీకే కాలంలో ఊరంతా పచ్చి మట్టి వాసన, ఉప్పేసి ఉడికించిన కాయల ఆవిరి, కళ్ళంలో ఆరబోసిన కాయల మీద మేము పరిగెడితే కాళ్ళ కింద పటపటమనే చప్పుడు, మమ్మల్ని అదిలిస్తూ చీపురుకట్టతో వెంటబడే అవ్వ. ఆ కాయల వ్యాపారం మీదే నాయన చిక్కబళ్ళాపురంలో ఒక రిటైరైన అమల్దారు దగ్గర పాత నల్లకారు కొన్నాడు. ఊళ్ళో అదొక్కటే కారు. విత్తనాల మూటలూ అదే మోసేది, పెళ్ళికూతుళ్ళనూ అదే మోసేది.

ఆ ఏడు అమ్మ నీళ్ళోసుకుంది. నా తర్వాత ఇద్దరు పిల్లలు ఇంట్లోనే పుట్టి, పుట్టిన రోజే పోయారు. ఈసారి కాన్పు చింతామణి ఆస్పత్రిలోనే కావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నెలలు నిండాక అంత దూరం అమ్మను తీసుకుపోవలసింది ఆ కారే. అందుకని ఇంట్లో అందరూ అమ్మ మొహం చూస్తుంటే, నేను కారు మొహం కూడా చూస్తుండేదాన్ని. పుట్టుకతోనే పిరికిదాన్ని.

ఆ భయాన్ని పెంచింది మునెప్ప. చింతామణిలో రేకుల షెడ్డు వేసుకుని కార్లూ లారీలూ బాగుచేసేవాడు. సంతపని మీద పోయినప్పుడు నాయన కారునూ నన్నూ ఆ షెడ్డులో వదిలి మండీకి పోయేవాడు. మునెప్ప చేతులు పనిలో ఉన్నా నోరు నాతోనే ఉండేది.

"బ్రేకు ఊరికే చెడదు అమ్మణ్ణీ, చెప్పి చెడతాది. కీచుమంటే లోపల పట్టీ అరిగిపోయిందని. బండి ఒక పక్కకు లాగితే ఒక చక్రమే పట్టుకుంటాండాదని. పెడలు మెత్తగా దిగిపోతే నూనె తగ్గిందని. మాడు వాసనొస్తే మాత్రం బ్రేకు వదలకుండా కరుచుకొనుండాదని. అప్పుడు ఇంక ఒక్క అడుగు పోగూడదు."

ఒక రోజు ఎక్కడో కారుతున్న గొట్టం సరిచేసి, నాయన కాళ్ళు పెట్టే చోట తట్టి చూపిస్తూ ఇంకో మాట చెప్పాడు. "మీ నాయనకు చెప్పు. ఇంట్లో ఒకతూరి మూత తీసి చూసి, తగ్గింటే మంచి బ్రేకు నూనె పోయమను. చౌకగా వస్తాదని ఏదంటే అది పోయొద్దను."

నాయన వచ్చేసరికి మునెప్ప ఎవరిదో లారీ కింద దూరి ఉన్నాడు. మరిచిపోతానేమోనని దారిపొడుగునా ఆ మాటనే లోపల అనుకుంటూ వచ్చాను. ఊరు ఊరుకూ మాట అరిగి, ఇంటికి చేరేసరికి నా నోట్లో మిగిలింది ఒకటే. "నాయనా, తగ్గితే మంచినూనె పోయమన్నాడు," అని మునెప్ప తట్టిన చోటే చూపించాను.

మా వైపు మంచినూనె అంటే నువ్వుల నూనె. తలంట్లకూ బాలింతలకూ దీపాలకూ అదే. అవ్వకు ఎంత సంబరమో చెప్పలేను. "బండికి గూడా మంచి చెడ్డ తెలుసప్పా," అని, గానుగ ఆడించి తెచ్చిన కొత్త నూనె జాడీ దించి, నాయన కారులో కాళ్ళ కింది పట్టా ఎత్తి మూత తీస్తే, చిన్న గరిటెతో తనే పోసింది. పోసిన చేతిని అమ్మ తలకు రాసింది.

పది రోజులు ఏమీ కాలేదు. తర్వాత పెడలు గట్టిపడిందని నాయన అన్నాడు, బాగా పట్టుకుంటోందని మెచ్చుకున్నాడు కూడా. నేను గచ్చకాయలు వదిలేసి, కారు వచ్చి ఆగగానే పోయి చక్రం మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. ముందు చక్రం అన్నం కుండలా కాలేది. నాయనా, చక్రం కాలుతోంది అంటే, "ఎండలో తిరిగొస్తే కాలకేం చేస్తాది? పోయి ఆడుకోపో," అనేవాడు. ఆడపిల్లకు చక్రాలతో పనేమిటని అవ్వ కూడా కసిరింది. రాత్రుళ్ళు అన్నం సహించేది కాదు నాకు.

నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి. వెనక సీట్లో అమ్మ, అవ్వ, ముందు నేను. చేలూరు దాటేసరికి వాసన వచ్చింది. నాయనా, ఆపు అన్నాను. వెనక అమ్మ పళ్ళు బిగబట్టి మూలుగుతుంటే నాయన ఎట్లా ఆపుతాడు? చింతామణి ముందర ఏటవాలు మీద పెడలు తొక్కాడు. అది చప్పుడు లేకుండా పూర్తిగా దిగిపోయింది. మళ్ళీ తొక్కాడు. నాయన మొహంలో రక్తం లేకపోవడం నేను అప్పుడే చూశాను. చేతి బ్రేకు లాగి, గేరు తగ్గించి, కోసిన రాగి చేలోకి తిప్పాడు. గట్టును గుద్దుకుని బండి ఆగింది. అమ్మ కడుపును రెండు చేతులతో పట్టుకుని, "బిడ్డ కదల్లేదత్తా," అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వెనకాల వచ్చిన బస్సు ఆపి అమ్మనూ అవ్వనూ ఎక్కించారు. మధ్యాహ్నానికి తమ్ముడు పుట్టాడనీ, ఏడ్చాడనీ కబురొచ్చింది. అప్పటికి ఎద్దులను కట్టి కారును మునెప్ప షెడ్డుకు లాగించాడు నాయన.

మునెప్ప మూత తీసి వేలు ముంచి వాసన చూశాడు. "ఇది నువ్వుల నూనె గదప్పా. రబ్బర్లన్నీ ఉబ్బిపోయుండాయి."

"నువ్వే గదా మంచినూనె పోయమని చెప్పి పంపిస్తివి. నా ఇంటిదీ బిడ్డా పోయుంటే?" అన్నాడు నాయన.

మునెప్ప నా వైపు చూశాడు. నేను గౌను అంచు నోట్లో కుక్కుకుని ఉన్నాను. ఎక్కడ ఏ మాట జారిపోయిందో నాకప్పుడే తెలిసింది.

"అవునప్పా, నేనే చెప్పినా," అన్నాడు మునెప్ప నిదానంగా. "బ్రేకుదని చెప్పేది మరిచిపోయినా. తప్పు నాదే."

నాయన మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కలేదు. తనకు తెలిసిన లారీల వాళ్ళనూ తొక్కనివ్వలేదు. మండీలో నాయన మాటకు విలువ ఉండేది. రెండేళ్ళకు షెడ్డు మూతపడింది. మునెప్ప యాడికి పోయాడో చెప్పినవాళ్ళు లేరు.

ఆ వీధిలో ఇప్పుడు ఫోన్ల దుకాణాలు. చక్రం మీద చెయ్యి పెట్టి రోగం చెప్పేవాళ్ళు పోయారు. కారే ఎర్రదీపం వెలిగించి తన బాధ చెప్పుకుంటుంది. అవ్వ, నాయన, అమ్మ, వరసగా వెళ్ళిపోయారు. తమ్ముడికి అరవై దాటాయి. ప్రతి పుట్టినరోజుకూ మనవళ్ళను కూర్చోబెట్టి, చెప్పక్కా అని ఆ కథ నాతో చెప్పిస్తాడు. నేను చెబుతాను. మునెప్ప మతిమరుపు దగ్గరికి వచ్చేసరికి పిల్లలందరూ పడీపడీ నవ్వుతారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వుతాను.