మద్రాసు చూడబోతే కళ్ళాసుపత్రి

సముద్రం ఒడ్డుకు పోయి, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, సముద్రాన్ని మాత్రం చూడకుండా ఇంటికొచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూసినారా? ఇదిగో, మీ ముందరే కూర్చోని టీ తాగతా ఉంది. మొన్న మా మనమరాలు, దాని మొగుడు హైదరాబాదు చూసొస్తామని సంచి సర్దుకొని బస్సెక్కి పోయినారు. ఎందుకు, ఏమిటి అని ఎవరూ అడగలా. నేను గుమ్మంలో నిలబడి నవ్వుకుంటా ఉంటే, ఏంది రాహేలమ్మా ఒక్కదానివే నవ్వుతావని మీరే అడిగితిరి. చెప్తా వినండి.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా. రాజధాని మద్రాసు. మా పెద్దోళ్ళు చెన్నపట్నం అనేవాళ్ళు, తొందరగా చెప్పాలంటే ఉత్త పట్నం. కొనకనమిట్ల దగ్గర పల్లె మాది. మా ఆయన దేవదానం మిషన్ బడిలో పంతులు. పెళ్ళయి ఏడాది. ఇంట్లో ఆయన, నేను, మా అత్త సువార్తమ్మ. ఒకటే గది, ముందర వసారా. ఆయన నాతో నాలుగు మాటలు మాట్లాడాలంటే బర్రెకు మేత వేసేటప్పుడు వచ్చి, బర్రెతో మాట్లాడినట్టు దాని వీపు నిమురుతా మాట్లాడేవాడు. మా సంసారం సంగతులన్నీ ఆ బర్రెకు తెలుసు.

ఒకరోజు ఆయనకు బడికి సద్ది తీసుకపోయినా. పిలకాయలు అన్నానికి పోయినారు. గోడకు పెద్ద మ్యాపు వేలాడతా ఉంది. ఆయన బెత్తంతో చూపించినాడు.

"ఇది మార్కాపురం. ఇట్ల పోతే గుంటూరు. ఇట్ల కిందికి దిగితే మద్రాసు."

"ఈ నీలం ఏంది?"

"సముద్రం."

"కంభం చెరువంత ఉంటాదా?"

ఆయన నవ్వినాడు. "కంభం చెరువును మోసుకపోయి అందులో పోస్తే, ఎక్కడ పోసినావో మళ్ళా నువ్వే చెప్పలేవు."

నేను ఆ నీలం మీద వేలు పెట్టి నిలబడినా. ఆయన అటూ ఇటూ చూసి, బర్రె లేకపోయినా మెల్లగా అన్నాడు: "ఎండాకాలం సెలవులకు పోదామా? మనిద్దరమే."

ఆ రోజు నుంచి బర్రెకు మేత ఎక్కువయింది. మేత వేసినప్పుడల్లా ప్లాను. మొదటిరోజు సముద్రం. మర్నాడు బతికిన కాలేజి, చచ్చిన కాలేజి. అంటే జంతువులుండే తోట బతికిన కాలేజి, మ్యూజియం చచ్చిన కాలేజి. పులిని చూసేదానికి కాలేజి ఏందయ్యా అంటే, పట్నంలో అట్లనే అంటారంట, నాకేం తెలుసన్నాడు. తర్వాత ట్రాము బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు, పొగ లేదు, పైన తీగను పట్టుకొని పోతాదంట. నాకు పులి మీద కంటే ట్రాము మీద ఆశ ఎక్కువ. ఎందుకంటే ట్రాములో మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చోవచ్చని ఆయన చెప్పినాడు. చర్చిలో మగోళ్ళు ఒకపక్క, ఆడోళ్ళు ఒకపక్క. పెళ్ళిరోజు తప్ప ఆయన పక్కన నేను కూర్చునింది లేదు.

అంతా బాగుంది గానీ, మా అత్తకు చెప్పేది ఎట్ల? కొత్తగా పెళ్ళయినోళ్ళు ఊరు చూసేదానికి పోతామంటే పల్లెంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతాది. అదంతా నేను చూసుకుంటానన్నాడు ఆయన. ఆ మాట నమ్మడమే నేను చేసిన పొరపాటు.

ఒకనాటి సాయంత్రం వసారాలో మా అత్త పక్కన కూర్చోని బియ్యంలో రాళ్ళేరతా ఉన్నా. ఈయన బడి నుంచి వచ్చి గొంతు సవరించుకొని, "అమ్మా, రాహేలుకు కళ్ళు సరిగ్గా కనపడటం లేదు. మద్రాసు కళ్ళాసుపత్రిలో చూపించాల" అన్నాడు.

నా రెండు వేళ్ళ మధ్య ఆవగింజంత రాయి ఉంది. ఏం చెయ్యాలో తెలియక దాన్ని మళ్ళా బియ్యంలోనే వేసినా.

మా అత్త నన్ను తేరిపార చూసింది. "నేననుకుంటానే ఉండా. మొన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. కళ్ళు కనపడకనేనా బిడ్డా? నేను ఊరకనే తిట్టినా గదా" అని నా తల నిమిరింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది.

ఇంక చూడండి నా అవస్థ. తెల్లారితే నందివర్ధనం పూలు తడిపి కళ్ళ మీద పెట్టడం, పక్కింటి బాలెంతరాలి దగ్గర చనుబాలు తెచ్చి కళ్ళలో పిండడం. పొయ్యి దగ్గర పొగ తగలగూడదని మా అత్తే వండేది. ఊరికే కూర్చోని అన్నం తినడానికి మనసొప్పక, ఉన్న నిజం చెప్పేద్దామని ఆయన్ను పోరినా. రేపు చెప్తా, రేపు చెప్తా అన్నాడు.

ఆ రేపు రాకముందే మా అత్త నోరు తెరిచింది. రొట్టె విరుస్తా, మా ఇద్దరివైపూ చూడకుండా చెప్పింది. "నాకూ ఒక కన్ను పోయి చాన్నాళ్ళయింది నాయనా. రెండోదీ పొర కమ్ముతా ఉండాది. చెప్తే నీకు ఖర్చని చెప్పలా. కోడలిని తీసుకపోయేటప్పుడు నన్నూ తీసుకపోతావా?"

ఆయన మొహం చూడాలి. నేనైతే తల ఎత్తలా. ఒకే ఇంట్లో ఉంటూ ఆమెకు కనపడటం లేదని మా ఇద్దరికీ తెలియదు. కనపడే నేను కనపడనట్టు నటిస్తా ఉంటే, కనపడని ఆమె కనపడినట్టు నాకు వండి పెడతా ఉంది.

"తీసుకపోతానమ్మా" అన్నాడు. ఇద్దరం ముగ్గురం అయినాం.

మా ఊరి పెద్దరైతుల్లో ఒకామె చేలో మా అత్త కూలికి పోయేది. ఆమె పేరు వెంకమ్మ, మొగుడు పోయి పొలం అంతా తనే చూసుకునే మనిషి. ఆమెకూ శుక్లాలే. మా అత్త కలుపు తీస్తా పట్నం మాట చెప్పింది. మర్నాడు వెంకమ్మ కర్ర పట్టుకొని మా గుడిసె ముందర నిలబడింది. మా పేట వైపు ఆమె రావడం అదే మొదలు.

"ఏమయ్యా పంతులూ, నన్నూ తీసుకపో. నా వంట నేను వండుకుంటా, నా చెంబు నేను తెచ్చుకుంటా. నీకేం బరువు గాను" అనింది.

అట్ల నలుగురం. ఎడ్లబండిలో మార్కాపురం స్టేషనుకు పోయి రైలెక్కినాం. ఆడోళ్ళ పెట్టెలో ఆ ఇద్దరి మధ్య నేను. ఆయన ఎక్కడో మగోళ్ళ పెట్టెలో. బండి ఆగినప్పుడల్లా కిటికీ దగ్గరకొచ్చి, "అమ్మా, ఎట్ల ఉండావు? వెంకమ్మమ్మా, నీళ్ళు కావాలా?" అని అడిగేవాడు. నన్ను ఒకసారి చూసి పోయేవాడు. రెండుచోట్ల బండి మారి మద్రాసులో దిగినాం.

ఇద్దరికీ ఆపరేషను చెయ్యాలన్నారు. ఆడోళ్ళ వార్డులో పక్కపక్క మంచాలు ఇచ్చినారు. ఆ రోజుల్లో ఆపరేషనంటే ఇప్పటిమాదిరి కాదు. రెండు కళ్ళకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి, కదలకుండా పండుకోబెడతారు. అరవ నర్సు వచ్చి "ఆడక్కూడాదు, ఆడక్కూడాదు" అని గట్టిగా చెప్పింది. కదలగూడదని దాని అర్థం.

వెంకమ్మ కట్టు కిందనుంచే అనింది: "ఈ వయసులో నేనేం ఆడతానే తల్లీ?"

మా అత్తకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు పోతాయని నర్సు కోప్పడింది.

వార్డులోకి మగోళ్ళను రానియ్యరు. పొద్దుగూకే ముందర కాసేపు గేటు దగ్గర మాట్లాడుకోవచ్చు, అంతే. ఆయన ఒక్కడే పగలంతా ఏం చేస్తాడు? మొదటిరోజు గేటు దగ్గరకొచ్చి, "ఊరకనే నడస్తా పోయినా, సముద్రం వచ్చింది" అన్నాడు. ఏదో దారిలో చుట్టం ఎదురుపడినట్టు. మర్నాడు బతికిన కాలేజి చూసినాడు. పులి ఆవలించిందంట. ఇంకోరోజు చచ్చిన కాలేజి. తర్వాత ట్రాము ఈ చివర్నుంచి ఆ చివరి దాకా. ఆయన చెప్తా ఉంటే నేను గేటు ఊచలు పట్టుకొని వినేదాన్ని. బర్రె దగ్గర వేసిన ప్లాను ఒక్కటీ తప్పిపోలా. నేనొక్కదాన్నే తప్పిపోయినా.

ఒకరోజు కోపమొచ్చి, "ఇంకేమీ చూడబాకు. చూసినా నాకు చెప్పబాకు" అన్నా. పాపం, ఆ మర్నాడు పొద్దస్తమానం గేటు ఎదురుగా అరుగు మీద కూర్చునే ఉన్నాడంట.

ఈలోగా వార్డులో ఇంకో తిప్పలు. వెంకమ్మ తన వంట తనే వండుకుంటానని కుండ, బియ్యం, కందిపప్పు అన్నీ తెచ్చుకునింది. ఆపరేషనయినాక మంచం మీదనుంచి లేవగూడదనే సంగతి ఎవరికీ తట్టలా. ఆసుపత్రి రొట్టె ముట్టదు. పాలు తాగి పండుకునేది. నేను ఆసుపత్రి వెనక రేకుల పాకలో సంకటి కెలికి తెచ్చి మా అత్తకు తినిపిస్తా ఉన్నా.

"సువార్తా, ఏం తింటాండావే?" అని అడిగింది వెంకమ్మ.

"రాగిసంకటి, చింతకాయ తొక్కు అమ్మా."

వెంకమ్మ వాసన పీల్చింది. తర్వాత, "ఏమే పిల్లా, ఇంకా ఉండాదా?"

"ఉండాది గానీ, మేం వండింది అమ్మా…" అన్నా.

"కళ్ళు కట్టేసినారు గదే. ఎవరు వండినారో నాకెట్ల కనపడతాది?"

నేను ముద్ద చేసి ఆమె నోట్లో పెట్టినా. ఆమె నిమ్మళంగా నమిలి మింగి, "తొక్కులో కారం తక్కువయింది" అనింది. పక్క మంచం మీద మా అత్త నవ్వగూడదు గదా, పెదాలు బిగబట్టుకొని పండుకునింది.

ఊరికొచ్చినాక ఆ మాట ఆమె ఎక్కడా అనలా, మేమూ అనలా. కానీ చేలో ఎవరూ లేనప్పుడు మా అత్తను పిలిచి తొక్కు కావాలని అడిగేదంట.

కట్లు విప్పినారు. కొన్నాళ్ళకు ఇద్దరికీ లావుపాటి అద్దాలొచ్చినాయి. మా అత్త అద్దాలు పెట్టుకొని నా మొహాన్ని దగ్గరకు లాక్కొని చూసి, "నువ్వు ఇంత నల్లగా ఉంటావా?" అనింది. ఆ మాటకే నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

సాయంత్రం బండికి ప్రయాణం. పగలంతా ఖాళీ. సముద్రానికి పోదామని ఆయన అంటే నేను కొత్తచీర కూడా కట్టుకున్నా. అప్పుడు మా అత్త మంచం మీద కూర్చునే అనింది, "దీనికోసం గదా మనం వచ్చింది. దీని కళ్ళు చూపించకుండా ఎట్ల పోతాం?"

ఆయన తడబడినాడు. "దానికి తగ్గిపోయిందిలే అమ్మా."

"చూపించకుండా నేను బండెక్కను."

"నేనూ ఎక్కను" అనింది వెంకమ్మ.

ఏం చెప్తాం? కొత్తచీరతోనే పోయి వరసలో కూర్చున్నా. నా కళ్ళలో చుక్కలు వేసినారు. డాక్టరు దీపం పెట్టి చూసి, వీటికి ఏ జబ్బూ లేదు, చాలా మంచి కళ్ళన్నాడు.

మా అత్త వెంకమ్మ వైపు తిరిగి, "చూసినావా అమ్మా, నందివర్ధనం పనిచేసింది" అనింది.

చుక్కల సంగతి మాకు తెలియదు. బయటికొస్తే ఎండ సూదులు గుచ్చినట్టు గుచ్చింది. కళ్ళు తెరవలేను. రేపటి దాకా అంతేనని నర్సు చెప్పింది. ట్రాము ఎక్కినాం. ఆయన పక్కన కాదు, ఆ ఇద్దరి మధ్యన. కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకొని, గంట గణగణమంటా ఉంటే వింటా కూర్చున్నా.

సముద్రం దగ్గర మొదట వినపడింది హోరు. కాలికింద ఇసక జారతా ఉంది. కళ్ళు తెరవబోతే అంతా తెల్లగా మంట. నీళ్ళు కారినాయి.

"ఏముంది అత్తా?" అని అడిగినా.

"నీళ్ళు."

"ఎట్ల ఉండాయి?"

"చానా ఉండాయి."

వెంకమ్మ నిట్టూర్చింది. "ఇన్ని నీళ్ళు పెట్టుకొని మన చేలకు ఒక్క వాన కురవదే."

అల వచ్చి నా కాళ్ళను లాగింది. తూలినా. అప్పుడు ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టపగలు, వాళ్ళమ్మ ముందర, అంతమంది జనంలో. "కనపడదు గదమ్మా, పడిపోతాది" అని వాళ్ళమ్మకు చెప్పినాడు. "గట్టిగా పట్టుకోరా" అనింది మా అత్త.

కాసేపటికి మబ్బు పట్టింది. ఎండ తగ్గినట్టు రెప్పల మీదే తెలిసింది. తెరిస్తే కొంచెమన్నా కనపడేదేమో. నేను తెరవలా. తెరిస్తే ఆయన చెయ్యి వదిలేస్తాడు. బండికి టైమయిందని మా అత్త పిలిచే దాకా అట్లనే కళ్ళు మూసుకొని నిలబడినా.

ఊళ్ళో దిగిన మర్నాటి నుంచి మా వసారాలో జనం. వెంకమ్మ కల్లంలో గింజలేరతా ఉందని, సువార్తమ్మ సూదిలో దారం ఎక్కించిందని చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలిసిపోయింది. ఎండాకాలం వస్తే చాలు, కొనకనమిట్ల నుంచి, కురిచేడు నుంచి కర్రలు పొడుచుకుంటా ముసలోళ్ళు వచ్చేవాళ్ళు. ఈయన కాదనలేడు. ఆడోళ్ళను చూసుకునేదానికి నేను. ఏటా ప్రయాణమే. ప్రతి ఏడూ ఈసారి మనిద్దరమే పోదామని అనుకునేవాళ్ళం, ప్రతి ఏడూ నా కొంగు ఒకరు, ఆ ఒకరి కర్ర ఇంకొకరు పట్టుకొని వరసగా నడిచేవాళ్ళు.

ఆయన పోయి ఇన్నేళ్ళయింది. మొన్న మనమరాలు సంచి సర్దుకుంటా, "అవ్వా, నువ్వు అన్నిసార్లు మద్రాసు పోయినావు గదా, అక్కడ చూడాల్సినవి ఏమున్నాయో చెప్పు, వచ్చే ఏడు పోతాం" అని అడిగింది. చానాసేపు ఆలోచించినా. ఆడోళ్ళ వార్డులో కిటికీ పక్క మంచానికి గాలి బాగా వస్తాది, వెనక పంపులో నీళ్ళు తెల్లారక ముందే పట్టుకోవాల అని చెప్పినా.