పేరు పట్టేంత చోటు

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మిద్దె మీద, గోడలకు పాత బొంతలు కొట్టిన గదిలో ఈశ్వర్ పాటలు కడతాడు. రాసేదీ, పాడేదీ, యూట్యూబులో పెట్టేదీ అతనే. ప్రేమపాటలతో మొదలుపెట్టినవాడు, తనకు నలభై దాటినప్పటి నుంచి చనిపోయినవాళ్ల దినాలకు పాటలు చేసి బతుకుతున్నాడు. ప్రతి చరణంలోనూ పేరు పట్టేంత చోటు వదిలిపెట్టి, ఎవరొస్తే వాళ్ల పేరు అందులో పాడతాడు. పాడేముందు ఫ్యాను ఆపుతాడు. మెడ మీద చెమట కారుతున్నా తుడుచుకోడు, తువ్వాలు చప్పుడు మైకులో పడుతుందని.

ఒకరోజు చాపాడు నుంచి గంగులయ్య, బండి మీద నుంచి పడి చనిపోయిన కొడుకు ఫోను పట్టుకుని వచ్చాడు. "మావోడు పొద్దుగూకులూ ఈ పాటే వింటాండెనప్పా. దినానికి ఇదే రాగంలో చేసిపెట్టు" అన్నాడు. అది ఈశ్వర్ కట్టిన మొదటి ప్రేమపాట. నాలుగేళ్లయినా రెండొందల మంది వినలేదు. ఈశ్వర్ ఆ ఫోనులో పాటను ఒకసారి చివరిదాకా విన్నాడు. తర్వాత ఫ్యాను ఆపి, ఒకప్పుడు "పిల్లా" అని ప్రాణం పెట్టి పాడిన చోటల్లా "వివేకా" అని పాడాడు. వారంలో అరవై వేల మంది విన్నారు. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలే పెట్టారు. మరుసటి సోమవారం జమ్మలమడుగు నుంచి ఒకామె ఫోను చేసింది. "ఆ సావుపాట కట్టింది నువ్వేనా నాయనా? మా పాపకు గూడా అదే కావల్ల" అంది. ఈశ్వర్ లేచి ఫ్యాను ఆపాడు.

"నేనేమ్మా. పాప పేరు చెప్పు" అన్నాడు.